కొండల్ చేతిలోని పిడి

బోథ్, 12 ఆగస్టు 1957

చిరంజీవి సౌభాగ్యవతి బాలలక్ష్మికి, మామ హనుమండ్లు ఆశీస్సులు.

క్షేమంగా చేరాను. నాగపూర్ విమానం కూలిన చోటు చూశాను. ఇంకా కాలిన వాసన వస్తోంది, అంతకంటే రాయలేను. విచారణకు వచ్చిన ఆఫీసరు మర్యాదస్తుడే గానీ, తప్పంతా విమానం నడిపిన మన కొండల్ మీదికే తోస్తున్నాడు. ఇంజను ఆగినప్పుడు రెండో ట్యాంకు నుంచి పెట్రోలు మళ్ళించే పిడి ఒకటుంటుందట. వాడు దాన్ని తిప్పలేదట. ఆ పిడి ఎక్కడా దొరకలేదు. దొరకలేదు కాబట్టి తిప్పలేదనే రాసుకుంటున్నారు. నా కొడుకు ఎదురుగా లేడు కదా, ఎంతైనా అంటారు.

ఇక్కడి గూడెంలో పోశవ్వ అనే ముసలామె ఉంది. వాగు పొంగి పోలీసులు రాలేకపోతే, చనిపోయినవాళ్ళందరినీ ఈ గూడెంవాళ్ళే పూడ్చిపెట్టారు. "ముందట కూసున్నాయన చేతుల ఏదో ఇనుపది గట్టిగ పట్టుకొని ఉండె. సచ్చినోని చేతులది గుంజుకోవద్దు గదా, దాంతోనే పెట్టినం" అంది. వీళ్ళ ఆచారం అది.

అది ఆ పిడేనేమో చూడడానికి సమాధి తవ్వాలంటే భార్యవి, నీ సంతకం కావాలట. పంపు బిడ్డా. నేను వచ్చేదాకా దినాలు మాత్రం చెయ్యొద్దు.

ఆశీస్సులతో,
హనుమండ్లు

సుల్తానాబాద్, 17 ఆగస్టు

పూజ్యులైన మామగారికి, బాలలక్ష్మి నమస్కారాలు.

సంతకం పెట్టలేను, కోపం చేసుకోకండి. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఆయన చేతిలోది కూడా లాక్కోకుండా మట్టి ఇచ్చారని చదివాక, ఇన్నాళ్ళకు నాకు కాస్త అన్నం సయించింది. పడుకున్న మనిషిని మళ్ళీ ఎందుకు లేపడం? కుండకు మూకుడుంది గానీ లోకుల నోటికి లేదు. అనేవాళ్ళను అననివ్వండి.

ఉత్తరంలో నన్ను సౌభాగ్యవతి అని రాశారు. అలవాటులో పడి ఉంటుంది. అత్తమ్మ అది చూసి ఏడ్చింది. మీరు గాజులు తీయనివ్వరు, దినాలు చేయనివ్వరు. అడిగినవాళ్ళకు ఏం చెప్పాలో తెలియడం లేదు.

మీ కోడలు,
బాలలక్ష్మి

సుల్తానాబాద్, 25 ఆగస్టు

పూజ్యులైన మామగారికి,

సంతకం పెట్టి పంపుతున్నాను. నిన్న బడిలో ఎవరో పిల్ల మన బిడ్డ భూమవ్వతో "మీ బాపు మందిని సంపిండు" అన్నదట. ఇది అక్కడ ఏడవలేదు. ఇంటికొచ్చి "నిజమేనా అవ్వా?" అని అడిగింది. కాదన్నాను. "నీకెట్ల ఎరుక?" అంది.

తవ్వించండి.

బాలలక్ష్మి

బోథ్, 4 సెప్టెంబరు

చిరంజీవి బాలలక్ష్మికి, మామ ఆశీస్సులు.

పిడి దొరికింది. కొండల్ దాన్ని తిప్పాడు. తిప్పుతుంటేనే విరిగిపోయింది. విరిగిన అంచులో సగం పాత పగులేనట, నూనె మసి పట్టి నల్లగా ఉంది. తప్పు యంత్రానిదే, మనిషిది కాదని రాస్తానన్నాడు ఆఫీసరు. భూమవ్వకు చెప్పు, గట్టిగా చెప్పు.

ఇక్కడి నుంచి రాసేది మీ అత్తమ్మకు చదివి వినిపించకు. నేను ఇంత దూరం వచ్చింది తప్పెవరిదో తేల్చడానికి కాదు. మొహం గుర్తుపట్టేలా లేదన్నారు కదా, మనవాడు ఆ రోజు డ్యూటీ మార్చుకుని ఉంటాడు, సమాధిలో ఉన్నది ఇంకెవరి కొడుకో అయి ఉంటాడు అనుకుని వచ్చాను. ఇంకొకరి ఇల్లు మునగాలని కోరుకున్నాను, చూడు. నిన్ను సౌభాగ్యవతి అని రాసింది అలవాటులో కాదు బిడ్డా, తెలిసే రాశాను.

వేళ్ళు నేనే విప్పాను. చిటికెన వేలు వంకరగా ఉంది. చిన్నప్పుడు బండి కాడి మీద పడి విరిగితే కట్టు కట్టించింది నేనే. ఆ వేలును ఎక్కడున్నా గుర్తుపడతాను. దినాలకు రోజు చూడమని చెప్పు.

పిడి ఆఫీసరు తీసుకుపోయాడు. పోశవ్వ మాత్రం ఆ చెయ్యి అలా ఖాళీగా పూడ్చనివ్వలేదు. "ఉత్తచేతుల తోలద్దు అయ్యా, నీదేదన్న పెట్టు" అంది. నా దగ్గరేముంది? తలకు చుట్టుకున్న రుమాలు చించి పెట్టాను. మట్టి వేసేముందు "నీ తప్పేం లేదు కొడుకా" అని గట్టిగానే చెప్పాను. అక్కడున్నవాళ్ళంతా విన్నారు. వాడొక్కడే వినలేదు.

రేపు బయలుదేరుతున్నాను.

మీ మామ,
హనుమండ్లు