మొదటి నవ్వు

ప్రిన్సిపాల్ గారికి,

మన ఆయమ్మ లైబ్రరీ బెంచీ మీద నోరు తెరుచుకుని నిద్రపోతుంటే, లైబ్రేరియన్ గారు వీడియో తీసి స్టాఫ్ గ్రూపులో పెట్టారు. అది పిల్లల దాకా చేరింది. ఆమె ఎదురుపడితే చాలు, గురక పెడుతున్నారు. పని మానేస్తానంటోంది.

"చట్టం పాఠాలు చెప్తారు కదమ్మా, అడక్కుండా అలా తీయొచ్చా?" అంది. కూడదని చెప్పి, ఫిర్యాదు నేనే రాసిపెట్టాను.

సంతకం పెట్టబోతూ ఆగింది. "నవ్వినోళ్ళ పేర్లు కూడా రాయండమ్మా. చూసి నవ్వేవాళ్ళు లేకపోతే ఆయన తీసేవాడా?"

గ్రూపు తెరిచాను. వీడియో కింద మొట్టమొదటి నవ్వు బొమ్మ నాదే. ఎందుకు పెట్టానో ఎంత ఆలోచించినా తెలియడం లేదు, బహుశా అలవాటే కావచ్చు. నా మీద నాకే రోత పుట్టింది.

ఫిర్యాదు జతచేశాను. అందులో లైబ్రేరియన్ గారి తర్వాత రెండో పేరు నాది. "మీరెందుకు మేడం" అంటూ కొట్టేయకండి.

ఇట్లు,
లా లెక్చరర్