నీ కూతురు ఎంచుకున్న సబ్జెక్టు

అక్కా,

మేం కులాసా. నీ కూతురికి దగ్గు తగ్గింది. నా గుండె దడ మాత్రం నిన్నటినుంచీ తగ్గలేదు.

తొమ్మిదో తరగతిలో భాషలు, లెక్కలు, సైన్సు, సోషల్ అందరికీ తప్పనిసరి. వాటి పక్కన ఇంకొకటి పిల్లల ఇష్టం. నువ్వు కంప్యూటరన్నావు, నేనూ తలూపాను. నిన్న బడికి వెళ్తే టీచరుగారు, "మీ మేనకోడలు సైగల భాష తీసుకుందండీ, చెవులు వినపడనివాళ్ళతో మాట్లాడేది" అన్నారు. గేటు దాటగానే దాన్ని నిలదీశాను.

"ఇది కూడు పెట్టే చదువేనా? మీ అమ్మకి ఏం చెప్పమంటావు?"

"అమ్మ కోసమే మామయ్యా. మిల్లులో మగ్గాల మోతకి అమ్మకి ఎడం చెవి పోయింది, కుడిదీ పోతోంది. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది."

నెత్తిన పిడుగు పడ్డట్టయింది. ఫోన్లో ఏమడిగినా నువ్వు "సరేలేరా" అని పెట్టేస్తుంటే, నామీద కోపమనుకుని నేనూ బిగుసుకు కూర్చున్నాను. ఎంత మొద్దునే!

కార్డు అందగానే చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళు. మగ్గాల దగ్గర కాకుండా మడతలేసే పని అడుగు. బావకైనా చెప్పావా? పండక్కి ఇక్కడికి వచ్చేటప్పుడు నీ కూతురి ఉన్ని స్వెటర్ మర్చిపోకు.

కంప్యూటరు ఊసు ఇక ఎత్తకు. రాత్రి అన్నం తింటుంటే నీ కూతురు నాకు "అక్క" అనే సైగ నేర్పింది. నా వేళ్ళు ఇంకా వంకర్లు పోతున్నాయి. నువ్వు రైలు దిగేసరికి పట్టుబడుతుంది. స్టేషన్లో ఎంత గోలున్నా నా పిలుపు నీకు అందుతుంది.

నీ కాళ్ళకి దణ్ణం పెడుతూ,
తమ్ముడు