తొమ్మిది రోజుల గుండెజబ్బు

చిరంజీవికి నాన్న ఆశీర్వదించి రాస్తున్నది.

ఇక్కడ శిక్షణ కేంద్రంలో నేనూ, మీ అమ్మా క్షేమంగా ఉన్నాం. నువ్వూ క్షేమమని నమ్ముతున్నాను. నీ ఆరోగ్యం ఎలా ఉందని మాత్రం అడగను. అడిగే మొహం నాకు లేదు. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు నీ ప్రశ్నలకు జవాబులు.

భోజనం ఎలా ఉందని అడిగావు. వేడిగా ఉంటుంది. అంతకుమించి పొగడలేను. పళ్ళెం పట్టుకుని రెండు వందలమంది కుర్రాళ్ళ వెనక వరుసలో నిలబడాలి. ప్రతివాడూ వెనక్కి తిరిగి "మీరు ముందు వెళ్ళండి" అంటాడు. ఒకడి తర్వాత ఒకడు అలా నన్ను ముందుకు తోసేస్తుంటే మొదటిరోజు ఒళ్ళు మండిపోయింది. ముసలితనాన్ని ఇంత మర్యాదగా గుర్తుచేసే చోటు ఇంకోటి ఉండదు. అమ్మ మోకాళ్ళు పరవాలేదు. మెట్ల దగ్గర మాత్రం రోజూ నిన్ను తలుచుకుంటుంది. "లిఫ్టులు బాగుచేసే కొడుకుని కని, మూడంతస్తులు నడిచి ఎక్కుతున్నాను చూడండి, నా రాత!"

ఇక మూడో ప్రశ్న. "అప్పుడు నన్ను గేటు దగ్గర దింపి వెళ్ళిపోయారు. ఇప్పుడు లోపల చూశారుగా, ఎలా ఉంది నాన్నా?" అని రాశావు. ఆ ఒక్క వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో చెప్పను.

బాగాలేదురా. పంతొమ్మిదేళ్ళు వస్తే చాలు, మోర్మన్ క్రైస్తవుల ఇంట్లో పుట్టిన మగపిల్లవాడు ఇక్కడ తర్ఫీదై, కోటు తొడుక్కుని, రెండేళ్ళు ఊరుకాని ఊళ్ళో మతం చెప్పడానికి తలుపులు తట్టాలని మనవాళ్ళ పట్టుదల. మాలాంటి ముసలి జంటలకు అది ఇష్టముంటేనే. నేను రిటైరయ్యాక మీ అమ్మ నన్ను అడిగింది ఇదొక్కటే, కాదనలేకపోయాను. తీరా వస్తే ఆరున్నరకు గంట. పావుగంటకో గడి గీసిన కాగితం గోడమీద, అందులో నా రోజంతా. కునుకు తియ్యడానికి గడి లేదు. నా చొక్కామీద 'ఎల్డర్', అంటే పెద్దాయన, అని నల్లబిళ్ళ, పక్కగదిలో మీసాలు సరిగా మొలవనివాడి చొక్కామీదా అదే బిళ్ళ.

కిటికీలోంచి ఇటుకగోడ తప్ప ఏమీ కనిపించడంలేదని ఇక్కడినుంచి నువ్వు రాసిన ఒకే ఒక్క ఉత్తరంలో ఉంది. అది చదివి "గోడలు చూడ్డానికి పంపామా వీణ్ణి?" అని మీ అమ్మమీద అరిచాను. ఆ గోడ ఇంకా ఉంది. మంగళవారం సాయంత్రం దానికెదురుగా కూర్చుని ఇటుకలు లెక్కపెట్టాను. వరుసకు నలభై మూడు.

చదువు సంగతి విను. ముప్పై నాలుగేళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దినవాణ్ణి. వేదాంతం నుంచి వైద్యం దాకా నా కళ్ళకింద నలగని శాస్త్రం లేదు. అలాంటి నాకు ఇరవై రెండేళ్ళ పిల్ల తలుపు తట్టడం నేర్పుతోంది. తరగతిలో ఆమె ఇల్లుగలావిడ, నేను బయటివాణ్ణి. బల్లమీద తట్టాను.

"ఎవరండీ?" అంది.

"చూస్తున్నావుగా, నేనే."

"అలా కాదు ఎల్డర్, ముందు చక్కగా నవ్వాలి."

"నేను నవ్వితే తెరిచి ఉన్న తలుపు కూడా వేసుకుంటారమ్మా."

మీ అమ్మ వెనకనుంచి అందుకుంది. "నలభై ఆరేళ్ళ అనుభవంతో చెబుతున్నాను, ఆయన అన్నది నిజం."

తరగతంతా పగలబడి నవ్వింది. నేను నవ్వలేదు. గురువారం మధ్యాహ్నం, అంటే వచ్చిన నాలుగోరోజు, గదికి వచ్చి పెట్టె సర్దాను. నువ్వు తొమ్మిది రోజులున్నావు. నేను నాలుగు.

మీ అమ్మ వచ్చి పెట్టె చూసింది, నన్ను చూసింది. "రేపు జంటలు కూర్చుని మాట్లాడుకునే గంట ఉంది. అది కానిచ్చి వెళ్ళండి" అంది.

ఆ గంట నీకు గుర్తుండే ఉంటుంది. వారానికోసారి జంటలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ప్రార్థన చేసుకుని, ముందు ఎదుటివాళ్ళలో నచ్చినదొకటి, తర్వాత మనసులో గుచ్చుకుంటున్నదొకటి చెప్పాలి. రెండోవాళ్ళు అడ్డు రాకూడదు. ఇద్దరిద్దరుగా జతకట్టిన కుర్రాళ్ళయితే చెప్పుకోవడానికి గురకలూ, ఉతకని మేజోళ్ళూ ఉంటాయి. మా దగ్గర నలభై ఆరేళ్ళ సరుకుంది.

నిన్న శుక్రవారం కూర్చున్నాం. నచ్చిందేమిటో మీ అమ్మ ఆలోచించి చెప్పింది. "మన మతంలో కూడదని నా కాఫీ, టీలు మానిపించి, ఇన్నేళ్ళలో మీరు మాత్రం చాటుగా తాగలేదు. అది నచ్చింది." తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని, గొంతు పెంచకుండా అడిగింది.

"వెళ్తే వెళ్ళండి. ఈసారి జనానికి ఏ జబ్బని చెప్పమంటారు? గుండె అబ్బాయికి వాడేశాం. మీకేం మిగిలింది?"

ఇప్పుడు నీకు చెప్పాల్సింది చెబుతాను.

ఇరవై రెండేళ్ళ కిందట నువ్వు పెట్టెతో బస్సు దిగి ఇంటికొచ్చిన ఆదివారమే, ప్రార్థన మందిరం గుమ్మంలో మీ మామయ్య నన్ను పట్టుకున్నాడు. ముగ్గురు కొడుకులూ రెండేసి ఏళ్ళు పూర్తిచేసి వచ్చిన మొనగాడు, హాల్లో వాళ్ళ ముగ్గురి పటాలూ వరుసగా వేలాడదీసుకున్నవాడు. "ఏం బావా, పార్సిల్ తిరిగొచ్చిందట?" అన్నాడు, నలుగురికీ వినబడేలా. ఆ వారం నా బల్లమీద వైద్య కళాశాల పుస్తకం ప్రూఫులున్నాయి. "గుండెలో కవాటం సరిగా మూసుకోవడం లేదట. డాక్టర్లే పంపేశారు" అన్నాను. మన బిషప్పులకు జీతముండదు కదా, అప్పటాయనకు మందుల దుకాణం. "ఏ మందులు వాడుతున్నారు?" అని అడిగాడు. పేర్లు గడగడా చెప్పాను. పుస్తకంలో నూట పన్నెండో పేజీ. మీ అమ్మను నోరెత్తనివ్వలేదు. నువ్వప్పుడు గది తలుపేసుకుని ఉన్నావు, మందిరానికి రావడం మానేశావు. నీదాకా ఏదీ రాలేదు. ఇప్పటికీ నెలకోసారి ఉపవాసపు ఆదివారం ఎవరో ఒకరు లేచి నీ గుండె కోసం ప్రార్థిస్తారు. భుజాన పనిముట్ల సంచితో పన్నెండంతస్తులెక్కే నీ గుండె కోసం!

ఇంతటితో ఐపోతే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

నువ్వు తిరిగొచ్చిన మూడోనెలలో, నీ కోటు కుట్టిన దర్జీ మనింటికి వచ్చాడు. ఆయన కూతురు నీకోసం రెండేళ్ళు ఆగుతానన్న సంగతి రెండిళ్ళకూ తెలుసు. మీ మామయ్య అప్పుడు మన కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు.

దర్జీ నిలబడే మాట్లాడాడు. "అబ్బాయి తిరిగొచ్చినందుకు నాకేం పట్టింపు లేదు సార్. నేను కుట్టే కోట్లలో సగం మొదటిసారి ఒంటికి పట్టవు. విప్పి మళ్ళీ కుడతాం, అంతేగా. కానీ గుండె జబ్బంటున్నారు. నాకు ఒక్కతే పిల్ల. మీరు చదువుకున్నవాళ్ళు, అబద్ధమాడరు. నిజమేనా?"

లేదు, వాడు ఉండలేక వచ్చేశాడు. ఇంతే నేను అనవలసింది. మీ మామయ్య కాలు ఊపుతూ నావైపే చూస్తున్నాడు. "నిజమే" అన్నాను. ఆయన నాకు నమస్కారం పెట్టి మరీ వెళ్ళాడు.

"వాళ్ళు వద్దన్నారు" అని నీకు చెప్పాను. "నేను తిరిగొచ్చాననేనా?" అని అడిగావు. "మరింకెందుకు?" అన్నాను.

ఆ మాట నాదేరా. నీలో పిరికితనం చూసి వాళ్ళు పిల్లనివ్వలేదని నువ్వు ఇరవై రెండేళ్ళుగా మోస్తున్నావు. పెళ్ళి మాటెత్తితే లేచి వెళ్ళిపోతావు. వాళ్ళు భయపడింది నేను పుట్టించిన జబ్బుకి. ఇన్నేళ్ళూ దర్జీని తిట్టాను, బిషప్పును తిట్టాను, మీ మామయ్యను ఈ ఉదయం కూడా తిట్టాను. వాడికి ఆ తిట్లు సరిపోవు, కానీ "నిజమే" అన్న నోరు వాడిది కాదు.

ఎందుకు తిరిగొచ్చావని నిన్ను నేనెప్పుడూ అడగలేదు. కారణం తెలిస్తే అబద్ధం చెప్పడం కష్టమవుతుందని నా తెలివి. ఆ తొమ్మిదోరోజు ఏమైందో రాస్తావా? తిడుతూ రాసినా సరే. నా జీవితంలో తిట్లున్న ప్రూఫులు చాలానే చదివాను.

నిన్న సాయంత్రం మూడు ఉత్తరాలు రాశాను. ఒకటి దర్జీకి. చూపు మందగించి దుకాణం మూసేశాడట, కూతురు చదివి వినిపిస్తుంది. ఆమెకిప్పుడు ఇద్దరు పిల్లలు. రెండోది ఇప్పటి బిషప్పుకి, ఆదివారం అందరిముందూ చదవమని. మూడోది మీ మామయ్యకి. అందులో నాలుగు వాక్యాలే ఉన్నాయి, మూడు రాయకూడనివి. ఆ మూడోదాన్ని ఈ క్షణమే పోస్టులో పడెయ్యాలని చేతులు దురద పెడుతున్నాయి. అయినా మూడూ నా దగ్గరే ఉంచాను. నీ గురించి నిన్నడగకుండా ఊరికి ఏదో చెప్పడం ఒకసారి చేశాను, చాలు. పంపమంటే పంపుతాను. చించెయ్యమంటే చించేస్తాను. ఆలోచించుకో.

ఇవాళ శనివారం, బట్టలుతుక్కునే రోజు. ఉతికే యంత్రం పక్కన స్టూలు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. మీ అమ్మ నా చొక్కాలు మడతపెడుతూ, ఏం రాస్తున్నానో అడక్కుండా ఉంది. నా పెట్టె ఇంకా విప్పలేదు, మంచం కింద ఉంది. నువ్వున్న తొమ్మిది రోజులూ నేనూ ఉండి చూస్తాను. పదోరోజు సంగతి పదోరోజు. ఒకవేళ మధ్యలో వచ్చేసి, ఎవరైనా నిన్నడిగితే నాకు ఏ జబ్బూ అంటగట్టకు. మా నాన్న ఉండలేకపోయాడని చెప్పు.

ఇట్లు,
ఏ జబ్బూ లేని
మీ నాన్న