అప్‌గ్రేడ్‌కు పోయి రాని ల్యాప్‌టాప్

కడప జిల్లా బద్వేలు కాపురస్తురాలు, కీర్తిశేషులు కేశవయ్య గారి భార్య కన్యకమ్మ అనే నేను, కర్నూలు పక్కన కల్లూరులో మా చెల్లెలు నాగలక్ష్మమ్మ ఇంట్లో కూర్చుని, నా దస్తూరీతో రాసిన వీలునామా. నా బుద్ధి స్థిమితంగా ఉంది. రెండో కంటికి కూడా శుక్లం తీశారు కాబట్టి చూపు మునుపటికంటే బాగుంది. ఎవరూ బలవంతం చేయలేదు, ఎవరూ ఆశ పెట్టలేదు. మోకాళ్ళు మాత్రం పని చేయవు. వీలునామాలో మోకాళ్ళ ముచ్చట ఎందుకని వకీళ్ళు అడగవచ్చు. ముందుకు చదివితే తెలుస్తుంది.

ఒకటి. ఇల్లు. బద్వేలులో నా భర్త నా పేరిట కట్టించిన మిద్దె ఇల్లు నా తదనంతరం నా ఒక్కగానొక్క కొడుకు కళ్యాణ్‌కు, అతని తర్వాత నా మనవడు తేజేశ్వర్‌కు సర్వహక్కులతో చెందవలసినది. దీనికి ఒక షరతు ఉంది. ఆరో అంశంలో రాస్తాను.

రెండు. నగలు. నా రెండు పేటల గొలుసు, గాజులు కోడలు పద్మప్రియకు. రోజూ నువ్వుల నూనె కాచి నా మోకాళ్ళకు పూసింది ఆమె. కడుపున పుట్టినవాడికి ఆ ఆలోచన రాలేదు. వెండి కుంకుమ భరిణె మాత్రం ఎవరికీ రాసివ్వలేను. నా పెళ్ళయిన కొత్తలో మా ఆడబిడ్డ రామలక్ష్మమ్మ ‘చూసి ఇస్తా’ అని తీసుకుపోయింది. ఇంకా చూస్తూనే ఉంది. దాన్ని ఆమెనే ఉంచుకోమనండి.

మూడు. పొత్తు. ఇది ఆస్తి ఎట్లా అవుతుందని మీరు నవ్వవచ్చు. నాకున్న వాటిలో నేను ఎక్కువ విలువ కట్టింది దీనికే. మా ఆయన కాలం చేసిన ఏడాది తేజేశ్వర్ తన ల్యాప్‌టాప్ తెచ్చి నా మంచం మీద పెట్టి, రాజ్యాలు కట్టే ఆట చూపించాడు. ఊరు కట్టాలి, పొలాలు దున్నించాలి, రాయి, కట్టె, ధాన్యం కూడబెట్టాలి, ఆ తర్వాత పక్క రాజు మీదికి పోవాలి. వాడికి యుద్ధం తప్ప ఏదీ పట్టదు. సైన్యం పస్తులున్నా కత్తులే చేయిస్తాడు. బద్వేలు బజారులో కొట్టు నడిపిన ఇంటి మనిషిని, చూస్తూ ఎట్లా ఊరుకుంటాను? ‘ఒరే, రాయి ధర పెరిగింది, అది అమ్మి గింజలు కొనురా’ అన్నాను. ఆ ఆట గెలిచాం. అప్పటి నుంచి యుద్ధం వాడిది, గిడ్డంగి నాది. మౌస్ పట్టడం కూడా నేర్చుకున్నాను. ‘నువ్వు లేకుంటే నేను ఓడిపోతా అవ్వా’ అనేవాడు. మా ఆయన పోయాక నాతో పని ఉందని అన్నవాడు వాడొక్కడే.

నాలుగు. ల్యాప్‌టాప్. కొత్తగా వచ్చిన ఆట దాంట్లో నడవలేదు. దోసె పెనం మాదిరి కాగి ఆగిపోయేది. దానికే మెమరీ పెంచి, ఫ్యాను మార్పించాలా, లేక డెస్క్‌టాప్ కొనాలా అని ఇంట్లో అందరం కూర్చున్నాం. కళ్యాణ్ కర్నూలులో కనుక్కుని వచ్చాడు. ల్యాప్‌టాప్‌కు మెమరీ పెంచవచ్చు గానీ బొమ్మలు నడిపించే గ్రాఫిక్స్ కార్డు మార్చడానికి కాదంట. అదే డబ్బుకు డెస్క్‌టాప్ రెండింతలు పని చేస్తుందంట, రేపు ఏ భాగం చెడినా అదొక్కటే మార్చుకోవచ్చంట. బేరంగా చూస్తే డెస్క్‌టాపే లాభం, అది నాకు తెలియక కాదు. అయితే ల్యాప్‌టాప్ నా మంచం దగ్గరికి వస్తుంది, కరెంటు పోయినా కాసేపు నడుస్తుంది. డెస్క్‌టాప్ పెట్టేది తేజేశ్వర్ చదువుకునే మిద్దెపై గదిలో. ఆ గదికి పోయేవి కడప బండల మెట్లు, నున్నగా, నిటారుగా. నేను ఎక్కలేనని మా ఇంటి పిల్లికి కూడా తెలుసు. ‘ఈ వయసులో నీకు ఆటలేందిమా, నలుగురు ఇంటే నగుతారు’ అన్నాడు కళ్యాణ్. తేజేశ్వర్ మాత్రం నా చేతిలో చెయ్యి వేసి, ‘ల్యాప్‌టాపే బాగుచేయిద్దాం అవ్వా, నీ మంచం కాడికి నేనే తెస్తా’ అన్నాడు. మాట అయిపోయింది కదా అని నేను నిశ్చింతగా పడుకున్నాను.

ఐదు. నాకు తెలిసినది. మొదటి కంటి ఆపరేషన్‌కు ఇదే కల్లూరు వచ్చి, నల్లద్దాలతో ఇల్లు చేరేసరికి ల్యాప్‌టాప్ లేదు. అప్‌గ్రేడ్‌కు కర్నూలు పంపామన్నారు. వారం వారం అడిగాను. ‘ఇంగా చేస్తాండారంటమా’ అని కళ్యాణ్. ‘పార్టు మద్రాసు నుంచి రావాలంట అవ్వా’ అని తేజేశ్వర్. పద్మప్రియ అబద్ధం చెప్పలేదు. నూనె గిన్నె తీసుకుని వంటింట్లోకి పోయింది.

ఒక మధ్యాహ్నం మెట్ల పైనుంచి గంట మోగింది. ఆటలో సరుకు అమ్ముడుపోతే మోగే గంట అది. అమ్మేదాన్ని నేను కింద ఉంటే, పైన గంట ఎవరు మోగిస్తున్నట్టు? గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకూ కూర్చుని లేస్తూ ఎక్కాను. తలుపు తెరిచే ఉంది. బల్ల మీద కొత్త డెస్క్‌టాప్, దానికి ఎండిపోయిన పసుపు కుంకుమ బొట్లు. పూజ కూడా నాకు తెలియకుండానే చేసుకున్నారు. ల్యాప్‌టాప్‌ను బదులిచ్చి దీన్ని తెచ్చుకున్నారని అప్పుడు అర్థమైంది. తేజేశ్వర్ నాకు వీపు పెట్టి యుద్ధంలో ఉన్నాడు. ఆ పక్కన రాయి దానంతట అదే అమ్ముడుపోతోంది, గింజలు వాటంతట అవే వస్తున్నాయి. వాడు అటు కన్నెత్తి కూడా చూడటం లేదు. గిడ్డంగి పని మిషన్‌కే అప్పజెప్పేశాడు. ల్యాప్‌టాప్ పోయినందుకు నాకు ఏడుపు రాలేదు, ఇది చూసినందుకు వచ్చింది. చప్పుడు చేయకుండా దిగి వచ్చి పడుకున్నాను. నేను చూశానని ఇప్పటికీ వాళ్ళకు తెలియదు.

మా ఆయనా పుల్లయ్యా శనక్కాయల వ్యాపారంలో పొత్తు విడిపోయిన రోజు నాకు గుర్తుంది. పుల్లయ్య మా అరుగు మీద కూర్చుని, ‘ఇంగ మనకు కుదర్దు కేశవయ్యా’ అని మొఖం మీద చెప్పి, ఇచ్చిన టీ తాగి పోయాడు. ఆ తర్వాత కూడా ఇద్దరూ పలకరించుకునేవాళ్ళు. చాటుగా పొత్తు విడిచినవాడికి మన బజారులో ఎవరూ సరుకు వేయరు. తేజూ, డెస్క్‌టాప్ కావాలని నువ్వు ఒక్క మాట అడిగివుంటే నేనే కొనమనేదాన్ని. కింద నడవలో నా మంచం పక్కన బల్ల వేయమని మాత్రం అడిగేదాన్ని. అంతమాత్రానికి ఇంటిల్లిపాదీ కలిసి నన్ను మోసం చేశారు.

ఆరు. షరతులు. (అ) ఆ ఇంట్లో అరవై దాటిన మనిషి ఉన్నంత కాలం కంప్యూటర్ అనేది కింది నడవలోనే ఉండవలసినది. పద్మప్రియా, ఇది నీకోసం రాస్తున్నాను. ఆ మెట్లు నీ మోకాళ్ళను కూడా వదలవు.

(ఆ) పోస్టాఫీసులో నా పేరిట ఉన్న డిపాజిట్టు, సదరు ల్యాప్‌టాప్ అప్‌గ్రేడ్ నిమిత్తం తేజేశ్వర్‌కు చెందవలసినది. అయితే కర్నూలులో రిపేరులో ఉన్నదని మీ నోటితో మీరు చెప్పిన ఆ ల్యాప్‌టాప్‌ను ముందు నాగలక్ష్మమ్మ ఎదుట హాజరు పరచవలసినది. పరచలేని పక్షంలో ఆ సొమ్ముతో మా ఊరి అమ్మవారి గుడి మెట్లకు, పట్టుకుని ఎక్కడానికి ఇనుప కమ్మీ వేయించవలసినది.

(ఇ) నా తలగడ కింద ఉన్న మౌస్ ఆ ల్యాప్‌టాప్‌దే. పాతదాన్ని ఇచ్చి కొత్తది తెచ్చుకునే తొందరలో మీరు మరిచిపోయారు. అది తేజేశ్వర్‌కు. దానికి ఏ షరతూ లేదు.

ఏడు. అమలు. ఈ వీలునామాను అమలు పరచవలసినది నాగలక్ష్మమ్మ. అంతవరకు ఇది ఆమె బీరువాలో ఉంటుంది. ఇదే లేకపోతే నాకున్నదంతా ఏ షరతూ లేకుండా నా కొడుక్కే పోతుంది. ఎల్లుండి నేను బద్వేలు బస్సు ఎక్కుతున్నాను. ఇంటికి పోగానే ‘ల్యాప్‌టాప్ వచ్చిందా నాయనా’ అని అడుగుతాను. ఆ పై వారం కూడా అడుగుతాను. ‘ఇచ్చేసినామవ్వా, నీతో చెప్పేదానికి నోరు రాలేదు’ అని మీ ముగ్గురిలో ఒక్కరు అన్నా చాలు, ఆ పూటే చెల్లెలికి ఫోన్ చేసి దీన్ని పొయ్యిలో వేయమంటాను. తేజేశ్వరే అంటాడని నా మనసుకు ఉంది.

ఈ కాగితం మీ చేతికి వచ్చిందంటే, నేను పోయేదాకా అడుగుతూనే ఉన్నాను, ఆ ఫోన్ చేసే పని పడలేదని అర్థం.

విరోధి నామ సంవత్సరం, శ్రావణ మాసం
2009 ఆగస్టు 12, బుధవారం, కల్లూరు

(సంతకం) కన్యకమ్మ

నేను సంతకం చేయగా చూసిన సాక్షులు:
పెద్ద ఈరన్న, పక్కింటివారు, కల్లూరు
సంతోషమ్మ, ఎదురింటివారు, కల్లూరు