నడుం మీద మూడు తన్నులు

కోడుమూరు,
మే 6.

ప్రియమైన చెల్లెలు చౌడేశ్వరికి,

మీరంతా క్షేమమని తలుస్తాను. నేను మాత్రం క్షేమం కాదు, ఆ మాట మొదటే చెప్పేస్తున్నాను. ఫోన్లో మొదలుపెడితే రెండో నిమిషానికి ఇద్దరం అరుచుకుంటాం, మూడో నిమిషానికి నువ్వు పెట్టేస్తావు. అందుకే జాబు రాస్తున్నాను. కాగితాన్ని మధ్యలో పెట్టేయడం కుదరదు కదా.

రాములవారి కల్యాణానికి ఒంటిమిట్ట వచ్చి, మీ ఇంట్లో రెండు రోజులుండి, తిరుగు బస్సు ఎక్కానా, కర్నూలులో దిగేసరికి నడుము పట్టేసింది. ఈ వేళకి పదిహేను రోజులు. మగ్గం గుంతలోకి దిగితే లేవలేను, లేస్తే వంగలేను. మీ వదిన శివకుమారి ఇసుక వేయించి, మూట కట్టి కాపడం పెట్టింది. మందుల అంగట్లో ఇచ్చిన మాత్రలు మింగాను. నడుముకు పట్టీ కట్టాను. తైలం రాసి రాసి ఇల్లంతా కంపు కొడుతోంది. ఏం లాభం? నడుము చాలదన్నట్టు నొప్పి పిర్ర మీదుగా ఎడమ కాల్లోకి దిగింది. మగ్గం తొక్కుతుంటే ఆ పాదం పలక మీంచి జారిపోతోంది. మొద్దుబారినట్టుంటుంది, అంతే.

నిన్న పక్కింటి లక్ష్మీదేవమ్మ వచ్చి నన్నే తిట్టింది. “ఏమప్పా ఉమామహేశ్వర, ఎదురుకాళ్లతో పుట్టిన చెల్లెల్ని పెట్టుకోని ఈ మాత్రలు మింగుతాండావే! ఆ పాపొచ్చి నడుం మీద మూడు తన్నులు తంతే పోతాది గదా!” ఆమె అన్నది నిజమే. ఈ కాలంలో ఎదురుకాళ్ల బిడ్డలే పుట్టడం లేదు. కడుపులో కొంచెం తిరగబడితే చాలు, కోసి బయటికి తీసేస్తున్నారు. మన వీధి మొత్తానికి మిగిలింది నువ్వొక్కదానివే.

ఒక్క ఆదివారం రా. మూడు తన్నులు తన్ను, మీ వదిన చేసే ఓళిగలు తిను, సాయంత్రం బస్సుకు వెళ్లిపో. అంతకు మించి నేనేమీ అడగడం లేదు.

నడుము వంగని నీ అన్న,
ఉమామహేశ్వర


మాధవరం,
మే 11.

ప్రియమైన అన్నకు,

రాను. మిగతాది చదివినా చదవకపోయినా ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకో.

ఎదురుకాళ్లతో పుట్టడం నేను చేసిన నేరమా? చిన్నప్పుడు పళ్లు తోముకోకముందే గడప ముందు ఇద్దరు ముగ్గురు బోర్లా పడుకుని ఉండేవాళ్లు. నా కాలికి పసుపు రాసి, “తన్ను పాపా, బయపడొద్దు” అనేవాళ్లు. తాత వయసు మనుషుల్ని నేను తన్నాలి. ఆ తర్వాత బడికి ఆలస్యంగా వచ్చానని అయ్యవారు నన్ను తన్నేవాడు. పెళ్లై ఈ ఊరొచ్చాక ఈ సంగతి ఒక్క ప్రాణికి చెప్పలేదు. మీ బావకు కూడా తెలియదు. ఇప్పుడు నీ జాబు ఆయనే విప్పాడు, పైగా అందరికీ వినపడేలా చదివాడు. నిన్నటి నుంచి మా అత్త నా కాళ్ల వంకే చూస్తోంది. ఆమెకూ నడుము నొప్పే.

సరే, నొప్పి సంగతి. రెండో కాన్పు తర్వాత నాకూ నడుము పట్టేస్తే కడపలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. రోజుకు ఎన్ని గంటలు మగ్గం మీద కూర్చుంటావని అడిగింది. పది అన్నాను. నడుము మాట దేవుడెరుగు, అన్ని గంటలు వంగి కూర్చుంటే ఇనుప కమ్మీ అయినా వంగుతుంది అంది. మామూలుగా అయితే కండరం పట్టేసిన నొప్పి, కొన్ని వారాల్లో దానంతటదే పోతుందట. ఒక్కోసారి ఎముకల మధ్య ఉండే మెత్తటి దిండు పక్కకు జరిగి నరాన్ని నొక్కుతుందట. అప్పుడే నొప్పి కాల్లోకి దిగుతుంది.

అరగంటకోసారి గుంతలోంచి లేచి వీధి చివరిదాకా నడువు. రోజంతా మంచం మీద పడుకోకు, ఇంకా బిగుసుకుంటుంది. పడుకున్నప్పుడు పక్కకు తిరిగి మోకాళ్ల మధ్య దిండు పెట్టుకో. కాపడం మంచిదే, మాన్పించొద్దు. నూలు మూట ఎత్తాలంటే నడుము కాదు, మోకాళ్లు వంచు. అన్నిటికంటే ముందు ఆ గుంత సంగతి చూడు. అది నాన్న కొలతకు తవ్వింది, నాన్న నీకంటే జానెడు పొట్టి. నువ్వందులో కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి, నడుము వంగిపోతుంది. ఇంకో జానెడు లోతు తవ్వించు, లేదంటే కూర్చునే పలక కింద రెండు ఇటుకలు పెట్టు.

పాదం జారుతోందని రాసి పక్కనే ‘అంతే’ అన్నావు. అంతే కాదు. నొప్పి కంటే అదే చెడ్డది. ఈ వారమే కర్నూలు వెళ్లి చూపించుకో.

కోపం తగ్గని నీ చెల్లెలు,
చౌడేశ్వరి


కోడుమూరు,
మే 17.

ప్రియమైన చిన్న డాక్టరమ్మకు,

చెల్లెల్ని రమ్మని జాబు రాస్తే పాఠం పంపింది. చదివాను, చేశాను కూడా. నడిచాను. మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుంటే నీ మేనకోడలు సుజన పడీ పడీ నవ్వింది. కానీ గుంత జోలికి మాత్రం రావద్దు. నాన్న తన చేత్తో తవ్వి, చౌడమ్మ తల్లికి టెంకాయ కొట్టి దిగిన గుంత అది. ఆయన పోయాక దాన్ని గడ్డపారతో పొడవమంటావా? ఇన్నేళ్లు అందులోనే కూర్చున్నాను, ఇప్పుడు కొత్తగా చిన్నదైపోయిందా?

నువ్వు రానన్నావు కాబట్టి ఆలూరు దాసన్న దగ్గరికి పోయాను. అతనూ ఎదురుకాళ్లవాడేనని చెప్పారు. కూర్చోలేక బస్సులో అంత దూరమూ నిలబడే పోయాను. వాకిట్లో బోర్లా పడుకోబెట్టి తన్నాడు చూడు, ప్రాణం గొంతులోకి వచ్చింది. నువ్వు మెల్లగా కాలు ఆనించేదానివి. ఇతను తలుపు బద్దలు కొడుతున్నట్టు తన్నాడు. మూడయ్యాక కొసరు ఇంకొకటి. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఒకాయన నన్ను చూసి జాలిపడ్డాడు. “దాసన్న ఎదురుకాళ్లోడు కాదప్పా. వాళ్లన్న ఎదురుకాళ్లోడు. ఆయప్ప సచ్చిపోయినాక ఈయప్ప తంతాండాడు” అన్నాడు. అన్న ఖాళీ చేసిన ఉద్యోగంలో తమ్ముడు చేరాడన్నమాట.

ఇప్పుడు నొప్పి రెట్టింపైంది. దీనికి కారణం నువ్వే. నువ్వొచ్చి ఉంటే నేను ఆలూరెందుకు పోతాను?

దాసన్న చేతికి, కాదు, కాలికి చిక్కిన నీ అన్న,
ఉమామహేశ్వర


మాధవరం,
మే 21.

ప్రియమైన అన్నకు,

దాసన్న సంగతి చదివి మీ బావ నవ్వాడు. నేను నవ్వలేదు. నరం నలిగిందేమోనని నేనిక్కడ భయపడుతుంటే నువ్వు సరిగ్గా దాని మీదే తన్నించుకుని వచ్చావు.

పాదం సంగతి అడిగాను. అంత పొడుగు జాబులో దాని గురించి ఒక్క అక్షరం లేదు. పాదం పైకి ఎత్తగలుగుతున్నావా? మూత్రం సరిగా వస్తోందా? ఈ రెండిటికీ జవాబు రాయి. వేరే ఏమీ రాయొద్దు.

నీ చెల్లెలు,
చౌడేశ్వరి


కోడుమూరు,
మే 25.

చౌడేశ్వరికి,

నాకు పదమూడేళ్లప్పుడు నాన్నకూ ఇదే నొప్పి వచ్చింది. నువ్వు మూడు తన్నులు తన్నావు. వీధంతా చూస్తుండగా నాన్న లేచి నిలబడి, “శానా తేలిగ్గా ఉండాది పాపా” అని, ఎవరి సాయమూ లేకుండా నడిచి ఇంట్లోకి పోయాడు. నా కళ్లతో చూశాను. నాన్నకు పనికొచ్చిన కాలు నాకెందుకు పనికిరాదు?

ఈ ఒక్కదానికి జవాబు రాయి. వేరే ఏమీ రాయొద్దు.

ఉమామహేశ్వర


మాధవరం,
మే 28.

ప్రియమైన అన్నకు,

ఈ జాబు పోస్టులో వేయలేదు, మీ బావ భూపేష్ చేతికిచ్చి మొదటి బస్సుకు పంపుతున్నాను. నువ్వు చదివేదాకా ఎదురుగా కూర్చుంటాడు. చదివాక నిన్ను కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకెళ్తాడు. కర్నూలులో దిగి ఆయన మాట్లాడుకొచ్చే కారు వీధిలోనే ఆగి ఉంటుంది.

ఇప్పుడే వదినతో ఫోన్లో మాట్లాడాను. నాకు చెప్పొద్దని ఆమెతో ఒట్టేయించుకున్నావట. ఏడుస్తూ చెప్పేసింది. “మూత్రానికని పోయి అర్ధగంట నిలబడుకోనుంటాడు అమ్మీ, రాదు. కూర్చునే తావు గూడా మొద్దుబారిందంట. కాలి చెప్పు యాడ ఊడిపోయిందో గూడా తెలీకుండా వచ్చేస్తాండాడు. ఆసుపత్రికి పోదామంటే నా మీద ఎగురుతాడు.” అన్నా, ఇది తైలాలకు లొంగే నొప్పి కాదు. ఇలాగైతే రోజులు కాదు, గంటలు లెక్కపెట్టుకోవాలని ఆ డాక్టరమ్మ అప్పుడే చెప్పింది.

ఇక నువ్వడిగినదానికి జవాబు. నాన్నకు తగ్గలేదు.

ఆ రోజు అందరూ నా కాలికి మొక్కారు. లక్ష్మీదేవమ్మ నాకు కొత్త పావడ ఇచ్చింది. మరునాడు పొద్దున అది కట్టుకుని, నాన్నకు చూపిద్దామని మగ్గం దగ్గరికి పోయాను. నాన్న తువ్వాలు పళ్ల మధ్య కొరుక్కుని గుంతలోకి దిగుతున్నాడు. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. నన్ను చూసి తువ్వాలు తీసేసి నవ్వాడు. “తగ్గిపాయ పాపా. నీ కాలు శానా మంచిది” అన్నాడు. అబద్ధమని నాకు అప్పుడే తెలిసింది. తొమ్మిదేళ్లదానికి ఆ మాత్రం తెలియదా? కానీ ఎవరికీ చెప్పలేదు. చెబితే నా కాలికొచ్చిన పేరు పోతుంది, పావడ వెనక్కి తీసుకుంటారు.

ఆరు నెలలు అలాగే నేశాడు. ఆ తర్వాత కాళ్లు రెండూ పడిపోయాయి. వాతం కొట్టిందన్నారు అందరూ. పదకొండేళ్లు అరుగు మీద కూర్చుని, మగ్గానికి నూలు కండెలు చుట్టి చుట్టి పోయాడు. నువ్వు బడి మాని ఆ గుంతలో దిగావు. నేను ఒక్క మాట చెప్పి ఉంటే ఇదంతా జరిగేది కాదు. నా కాలు చూస్తే నాకే అసహ్యం అన్నా. ఇంకెవరి నడుము మీదా పెట్టను.

నేనే ఎందుకు రాలేదంటావా? నేనొస్తే నువ్వు వాకిట్లో బోర్లా పడుకుంటావు. వీధంతా చుట్టూ చేరుతుంది. నాకు జాలేసి తన్నేస్తాను. తగ్గిందని నువ్వు చెప్పేస్తావు. ఆ మాట ఇంకోసారి వినలేను. కారెక్కు.

నిన్ను బతిమాలుకుంటున్న నీ చెల్లెలు,
చౌడేశ్వరి


కోడుమూరు,
జూన్ 27.

ప్రియమైన చౌడీకి,

ఆపరేషన్ అయ్యాక నాలుగు రోజులు నా మంచం పక్కనే ఉన్నావు. ఆసుపత్రి అన్నం దగ్గర్నుంచి మీ అత్త నడుము దాకా అన్నీ మాట్లాడుకున్నాం, ఒక్క నాన్న సంగతి తప్ప. నువ్వు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అందుకే మళ్లీ జాబు రాస్తున్నాను.

ముందు నా సంగతి. మూత్రం మామూలైంది. నడుము నొప్పి చాలావరకు పోయింది. పాదం మాత్రం ఇంకా పూర్తిగా లేవడం లేదు. వ్యాయామం చేయించే సాయిప్రసాద్ వారానికి రెండుసార్లు పిలుస్తాడు, ఎత్తమంటాడు, నేను చెమటలు పట్టేదాకా ఎత్తితే అది వేలెడు లేస్తుంది. మొత్తం తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. ఇంకో రోజు ఆలస్యమై ఉంటే ఆ మాట కూడా అనేవాళ్లు కాదట. మూడు నెలలు మగ్గం ముట్టుకోవద్దన్నారు. ఈలోపు మీ వదిన తన తమ్ముణ్ణి పిలిపించి గుంత లోతు చేయించింది. అరుగు మీద కూర్చుని ఇద్దర్నీ తిట్టాను కానీ అడ్డుపడలేదు.

వీధిలో ఏమనుకుంటున్నారో తెలుసా? దాసన్న తన్నుకే నాకు తగ్గిందట! ఆపరేషన్ డాక్టర్లు ఊరికే చేశారట. ఇప్పటికే ముగ్గురు ఆలూరు పోయొచ్చారు. గోడకేసి తల కొట్టుకుందామంటే ముందుకు వంగొద్దన్నారు.

ఇక అసలు మాట. నాన్న నడిచి ఇంట్లోకి పోవడం నా కళ్లతో చూశానని రాశాను. చూసిందంతా రాయలేదు. ఆయన వెనకే నేనూ లోపలికి పోయాను. తలుపు దాటగానే నా మీద పడిపోయాడు. “ఎవురికీ చెప్పొద్దురా, పాప ఏడుస్తాది” అన్నాడు. అమ్మకు కూడా చెప్పలేదు. మొదట నీ కోసమే చెప్పలేదు. తర్వాత నా కోసం. నాకు లెక్కలు రావు, బడంటే వణుకు. నాన్న నేయలేకపోతే బడి మానేసి నేనే మగ్గం మీద కూర్చోవచ్చని లోపల ఆశ. ఆయన గోడ పట్టుకుని నడవడం ఆ ఆరు నెలలూ చూస్తూనే ఉన్నాను.

ఆపరేషన్‌కు ముందు డాక్టరు, మీ ఇంట్లో ఇలా ఎవరికైనా వచ్చిందా అని అడిగాడు. మా నాన్నకు వచ్చిందని, తగ్గలేదని పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పైకి చెప్పాను. అప్పుడే ఆసుపత్రికి తెచ్చి ఉంటే నడిచేవాడా అని అడిగాను. చెప్పలేమండీ అన్నాడు, కాగితం మీద ఏదో రాసుకుంటూ.

నీ కాలి మీద నమ్మకం ఉండి నిన్ను రమ్మనలేదు చౌడీ. నీ తన్నుతో నాకు తగ్గితే, నాన్నకూ తగ్గే ఉంటుందని నమ్ముకోవచ్చు. ఆయన కాళ్లు తర్వాతెప్పుడో నిజంగానే వాతం కొట్టి పోయాయని, నేను నోరు మూసుకున్నందుకు కాదని నమ్ముకోవచ్చు. దానికోసం మందులు మానాను, నీ మాట పెడచెవిన పెట్టాను, నా కాలు పోయేదాకా తెచ్చుకున్నాను. నాన్నకు తగ్గలేదని నువ్వు కూడా రాశాక, ఇక కారెక్కడం తప్ప నాకు చేయడానికేమీ మిగల్లేదు.

నువ్వు తొమ్మిదేళ్లదానివి. నేను పదమూడేళ్లవాణ్ణి, నీకు అన్నను. నోరు మూసుకున్నందుకు నీకొక పావడ దక్కింది. నాకు మగ్గమే దక్కింది. అసహ్యపడాలంటే నన్ను చూసి పడు. ఆ కాలు ఏం చేసింది?

నీ అన్న,
ఉమామహేశ్వర