పది గజాలు

మార్చి 9, ఆదివారం

గౌరవనీయులైన బావగారికి,

మీ బావమరిది నమస్కారాలు. ఇక్కడ నేనూ, నా రెండు మోకాళ్ళూ క్షేమం. అక్కడ మీరూ, అక్కా, మీ ప్రశాంతతా క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

మీరు అని మొదలుపెట్టాను గానీ చెయ్యి సాగడం లేదు. పదకొండేళ్ళు నీ గోల్ఫ్ బ్యాగు మోసినవాణ్ణి, ఇప్పుడు కొత్తగా ఈ మర్యాదలెందుకు? నువ్వు అనే రాస్తాను. కోపం వస్తే నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో ఊపిరి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ నోటితో వదులు. నీ పుస్తకం మూడో పేజీలోనే ఉంది.

అవును, పుస్తకం అందింది. అట్ట మీద నువ్వు పచ్చగడ్డిలో కళ్ళు మూసుకుని నవ్వుతున్నావు. కాఫీ చల్లారిందని కప్పును సింకులోకి విసిరే మనిషి ఇలా కూడా నవ్వగలడా అని కాసేపు అట్టే చూస్తూ ఉండిపోయాను. మొదటి పేజీలో ప్రేమతో అని సంతకం పెట్టావు. ఆ పెట్టించిందీ, పోస్టు చేసిందీ అక్కేనని నాకు తెలుసు. కవరు మీద చేతిరాత ఆవిడదే.

రెండుసార్లు చదివాను. బాగా రాశావు, కాదనను. కర్రని బిగించి పట్టుకోవద్దు, కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకోమన్నావు. బంతి కొట్టే ముందే అది జెండా పక్కన పడినట్టు ఊహించుకోమన్నావు. చెరువు అడ్డం ఉంటే చెరువు అనే మాట మనసులోకి రానివ్వొద్దన్నావు. కంపెనీల మేనేజర్లు నీ క్లాసులో వరసగా గడ్డి మీద వెల్లకిలా పడుకుని భుజాలు వదులు చేసుకుంటున్నారట, అక్క ఫోన్లో చెప్పింది. అలా లేచి వెళ్ళి కొడితే బంతి నిటారుగా పోతోందట. మంచిదే.

అయితే ఆ ఊపిరి సంగతి ఒంటరిగా కొండెక్కి కూర్చుంటే తట్టిందని రాశావు చూడు, అక్కడ మాత్రం నవ్వొచ్చింది. ఏ కొండ బావా? నువ్వు ఓడిపోయి వచ్చి, అక్క కుట్టు మిషను పక్కన స్టూలు మీద కూర్చుని గోళ్ళు కొరుక్కుంటుంటే, సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఊపిరి వదలాలి, బిగబట్టుకుంటే చెయ్యి వణుకుతుంది, నువ్వూ అలాగే కొట్టి చూడు అని ఆవిడ చెప్పింది. నేను గుమ్మంలో నీ బూట్లకి అంటిన మట్టి గీకుతున్నాను. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే. పుస్తకంలో కుట్టు మిషను లేదు. కొండ ఉంది.

రెండు దెబ్బల మధ్య ఆట గురించి మాట్లాడకూడదన్నది నా నియమం. నీ భుజాలు చెవుల దాకా లేచినప్పుడల్లా ఏదో ఒక సోది మొదలుపెట్టేవాణ్ణి. మా మేనత్త పెళ్ళికొడుకుని వదిలేసి ఫోటోగ్రాఫర్‌కి దండ వేయబోయిన కథ నీకు కనీసం నలభైసార్లు చెప్పి ఉంటాను. నలభైసార్లూ నవ్వావు, నలభైసార్లూ భుజాలు దిగాయి. పుస్తకంలో దాన్ని ‘దృష్టి మళ్ళింపు సాధన’ అన్నావు. పేరు బాగుంది. పెద్దదైనా బాగుంది.

వీటి గురించి రాయడానికి కాగితం తీయలేదు. తొంభై ఆరో పేజీ గురించి తీశాను.

క్షమాగుణం అనే అధ్యాయంలో రాశావు. ఆఖరి పోటీలో, ఆఖరి గుంత దగ్గర, బ్యాగు మోసే సహాయకుడు దూరం పది గజాలు తక్కువ చెప్పాడనీ, బంతి చెరువులో పడి టైటిల్ పోయిందనీ, అయినా దీర్ఘంగా ఊపిరి తీసుకుని అతన్ని మనసులోనే క్షమించేశాననీ. చదివినవాళ్ళు నీ పెద్ద మనసుకి దండం పెడతారు. ఆ సహాయకుడు నేనేనని వాళ్ళకి తెలియదు. నాకు తెలుసు కాబట్టి నాకు మండింది.

ఆ రోజు జరిగింది ఒక్కసారి గుర్తు చేస్తాను. పొద్దున షెడ్డు దగ్గర పేపరు విలేకరి నిన్ను గెలుపు రహస్యం అడిగాడు. నువ్వు మనసు అన్నావు. మరి ఇన్నేళ్ళు వెంట ఉన్న ఈయన సంగతేమిటని నన్ను చూపిస్తే, బ్యాగుని చక్రాల బండి మీద పెట్టినా వెనకాలే వస్తుంది, ఆడేది మనసే అన్నావు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బ్యాగు నా భుజం మీదే ఉంది.

సాయంత్రం ఆఖరి గుంత. జెండా గుంతని రోజూ పొద్దున మారుస్తారు కాబట్టి అక్కడ పాతిన దూరపు రాళ్ళ మీది అంకెలు పనికిరావు. నేను తెల్లవారుజామునే వెళ్ళి అడుగులతో కొలిచి చిన్న పుస్తకంలో రాసుకునేవాణ్ణి. అంకెలు మరొకరికి వదిలేస్తే మనసు ఖాళీగా ఉంటుందని నువ్వు ఏనాడూ ఆ పుస్తకం తెరవలేదు. నువ్వు ఎంత దూరమని అడిగావు, నేను నూట యాభై గజాలు అన్నాను. సెవెన్ ఐరన్ కర్రతో కొడితే నూట అరవై, ఎయిట్‌తో కొడితే నూట యాభై. ఇది నువ్వు క్లాసుల్లో కూడా చెప్పుకునే లెక్క. ఎయిట్ తీశావు. ఊపిరి వదిలి, హాయిగా, అందంగా కొట్టావు. బంతి గట్టుకి అవతల పడాల్సింది, ఇవతల నీళ్ళలో పడింది.

నువ్వు కర్ర నేలకేసి కొట్టి, నా దెబ్బలో లోపం లేదు, వీడి అంకెలోనే ఉంది అని కమిటీ వాళ్ళందరి ముందూ అరిచావు. మూడో రోజుకల్లా బ్యాగులు మోసేవాళ్ళ క్లబ్బు జాబితాలోంచి నా పేరు కొట్టేశారు. ఒక్కడైనా టేపు పట్టుకుని కొలవలేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. ఆ మద్దెల బావమరిదైతే ఇంకా సులువు, తిరిగి మోగదు.

తర్వాతి వారం నేనూ, గడ్డి చూసుకునే పెద్దాయనా కలిసి తాడు పట్టి కొలిచాం. ఆ రోజటి గుంత పూడ్చిన మచ్చ ఆయనకి తెలుసు. నూట యాభై గజాలు. జానెడు కూడా తేడా లేదు. ఆయన సంతకం పెట్టిన కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. నువ్వు ఫోన్ ఎత్తలేదు.

రెండేళ్ళుగా తివాచీల దుకాణంలో పని చేస్తున్నాను. జనం ఇళ్ళకి వెళ్ళి, మంచాల కింద దూరి, గదులు కొలుస్తాను. ఆకాశం కనబడని పని. మోకాళ్ళు రోజంతా నేల మీదే. మంచి యజమాని, తిట్టడు. కానీ తెల్లవారగానే కాళ్ళు ఇంకా ఆ గడ్డి మీదికే లాగుతున్నాయి బావా. మంచు మీద మొదటి అడుగులు మనవే పడటం ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు.

క్లబ్బు సెక్రటరీ మొన్న దుకాణానికి వచ్చాడు. ఈ నెలాఖరున జాబితా మళ్ళీ రాస్తున్నారట. నువ్వు ఒక్క వాక్యం రాసిస్తే చాలు, నన్ను తీసుకుంటామన్నాడు. ఆ రోజు ఇతను చెప్పిన దూరం సరైనదే అని. అంతే. క్షమాపణ అడగడం లేదు, పుస్తకం మార్చమనీ అడగడం లేదు. ఆ ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టు. అది అబద్ధం కాదు, దానికి తాడు సాక్ష్యం ఉంది.

అక్కని అడిగానని చెప్పు. వచ్చే ఆదివారం నీకు పెద్ద ఆట ఉందని చెప్పింది. చాలా కాలం తర్వాత మళ్ళీ గెలిచేలా ఉన్నావట.

ఇట్లు,
నీ బ్యాగు మోసిన
బావమరిది

తా.క.: కవరు అంటించి, మళ్ళీ చింపాను. పైన రాసినదాంట్లో అబద్ధం లేదు గానీ, నిజం మొత్తం లేదు.

ఆ రోజు నేను చెప్పిన అంకె సరైనదే. పదకొండేళ్ళలో నీకు సరైన అంకె చెప్పింది ఆ ఒక్కరోజే.

నీ సెవెన్ ఐరన్ నూట అరవై పోదు బావా. ఏనాడూ పోలేదు. పోయేది నూట యాభై, ఎయిట్ అయితే నూట నలభై. ప్రాక్టీసులో పది గజాలు తక్కువ పడితే పాత బంతులు అనేవాడివి. మొదటి నెలలోనే, మనం కలిసి పోటీలకి దిగకముందే, నీకు ఈ మాట చెప్పబోతే మొహం మాడ్చుకుని, పళ్ళు బిగించి కొట్టడం మొదలుపెట్టావు. నాలుగు రోజులు ఒక్క బంతి నిటారుగా పోలేదు. ఏం చెయ్యాలో తోచక అక్కని అడిగాను. నడుం ముప్పై నాలుగే అని పట్టుబట్టే వాళ్ళకి ఆవిడ ముప్పై ఆరు కుట్టి, చీటీ మీద ముప్పై నాలుగు రాస్తుంది. నువ్వూ పది కలిపి చెప్పరా, పోయేదేముంది అంది. కలిపాను. నూట యాభై ఉంటే నూట అరవై అన్నాను. నువ్వు సెవెన్ తీసి హాయిగా కొట్టావు, బంతి వెళ్ళి జెండా పక్కన పడింది. నీ భుజాలు దిగాయి. నీకు నీ మీద నమ్మకం వచ్చింది. మేనేజర్లకి నువ్వు నేర్పుతున్న ఆ ప్రశాంతత అంతా ఆ పది గజాలే.

ఆ పొద్దున చక్రాల బండి మాట విన్నాక, నిజం చెబితే ఈ మనసు ఏం చేస్తుందో చూద్దామనిపించింది. నీళ్ళలో పడుతుందని తెలుసు. తెలిసే నూట యాభై అన్నాను.

ఎప్పటికీ నీకు చెప్పనని అక్క చేతిలో చెయ్యి వేశాను. ఆవిణ్ణేమీ అనకు. ఇది చదివాక సెక్రటరీకి ఆ వాక్యం నువ్వు రాయవని నాకు తెలుసు. ఇకమీదట ఎవరు ఏ దూరం చెప్పినా, ఏ కర్ర తీయాలో నీకు తోచదనీ తెలుసు. రేపు పొద్దున దుకాణానికి వెళ్తూ దీన్ని పోస్టు డబ్బాలో వేస్తాను. ఆదివారం ఆటకి ముందే, గురువారానికల్లా నీకు అందుతుంది.