తలుపు పక్క కుర్చీ

కావలి,
జనవరి

ప్రియమైన లిల్లీ పిన్నమ్మకు,

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేందని నవ్వుతావేమో. మా ఇంట్లో ఫోనంటే స్పీకరే. నేను హలో అంటే అత్తయ్య వంటింట్లోంచి జవాబు చెబుతుంది. ఇది స్పీకర్లో చెప్పే మాట కాదు.

నేను చర్చిలో పాడడం మానేశాను. గొంతు పట్టేసిందని అందరికీ చెప్పాను. పోయింది గొంతు కాదు పిన్నమ్మా. బాబు పుట్టినప్పటినుంచి దగ్గినా, నవ్వినా, పై స్థాయి అందుకున్నా మూత్రం చుక్కలు చుక్కలుగా పడిపోతోంది. క్రిస్మస్ ఆరాధనలో పాట మధ్యలో చీర తడిసింది. పాటల పుస్తకం అడ్డం పెట్టుకుని చివరి చరణం దాకా నిలబడ్డాను. ఇరవై ఆరేళ్లు నాకు! ఫిజిక్స్ చదివి, పిల్లలకు పీడనం పాఠం చెప్పినదాన్ని, నా ఒంటి సంగతి మొగుడికి చెప్పలేకపోతున్నాను.

అత్తయ్య రోజూ మిరియాల కషాయం కాచి, "తాగమ్మాయ్, ఈస్టరుకు గొంతు కంచులాగా మోగాల" అంటుంది. అది తాగినందుకు ఇంకోసారి పరుగు. ఈస్టరు తెల్లవారుజామున ఆడవాళ్లమంతా తెల్లచీరలు కట్టుకుని, పాడుకుంటూ సమాధుల తోటకు పోవాలి. తెల్లచీర, పిన్నమ్మా! నువ్వైతే నిజంగా గొంతు పోయి పాట మానేశావు. నేనేం చెయ్యను?

దిక్కుతోచని
నీ ఫేబీ

*

చిల్లకూరు,
జనవరి

ప్రభువునందు ప్రియమైన ఫేబీకి వందనాలు.

బిడ్డను కన్నాక ఇవన్నీ ఉండేవే. ఎవరికీ చెప్పబాక. ముదురు రంగు చీరలే కట్టు. చర్చికి పోయే రోజు పొద్దున నీళ్లు తాగబాక. తలుపు పక్క కుర్చీలో కూర్చో, మధ్యలో లేచిపోయినా ఎవరూ చూడరు. తుమ్మొస్తే కాళ్లు మెలిక వేసుకో. పాటదేముంది, వినడం కూడా ఆరాధనే.

ఈ ఉత్తరం చించెయ్.

మీ పిన్నమ్మ
లిల్లీ

*

కావలి,
మార్చి

ప్రియమైన పిన్నమ్మా,

ఉత్తరం చించలేదు. నీ మాట విని నీళ్లు మానేస్తే మంట కూడా మొదలైంది. ఆ మంటే నన్ను నెల్లూరు ఆస్పత్రికి తరిమింది. డాక్టరమ్మ పరీక్ష చేసి, ఫిజియోథెరపిస్టు ఫ్లోరా దగ్గరికి పంపింది. నాకంటే చిన్నపిల్ల! "కాన్పులో కింది కండరాలు సాగినాయక్కా. చెయ్యి విరిగితే సిగ్గుపడతారా?" అంది. మూత్రం ఆపుకుంటున్నట్టు లోపలికి బిగించాలి, ఊపిరి బిగబట్టకూడదు, మెల్లగా వదలాలి. నీళ్లు అసలు మానకూడదట. నేను ప్రసంగం వింటూ చేస్తున్నాను. పాస్టరుగారు నా శ్రద్ధ చూసి మెచ్చుకున్నారు.

మా ఆయన సుశీల్‌కు చెప్పాను. అత్తయ్యకూ చెప్పేశాను, కషాయం గ్లాసు కింద పెట్టి. "అయితే గొంతుకేమీ లేదా? ఇన్నాళ్లూ నా మిరియాలన్నీ తగలేసినావు గదే!" అంది. నవ్వాపుకోలేక ఇద్దరం గోడకు చేరగిలబడ్డాం. అంత నవ్వినా చీర పొడిగానే ఉంది పిన్నమ్మా! మొన్న ఆదివారం పై స్థాయి అందుకున్నాను. వెనక వరసలో సుశీల్ ఈల వేయబోయి, చర్చి అని గుర్తొచ్చి నాలుక్కరుచుకున్నాడు.

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ముదురు చీర, తలుపు పక్క కుర్చీ, కాళ్ల మెలిక, ఇవన్నీ నీకెలా తెలుసు? నా బడి రోజుల నుంచీ నువ్వు కూర్చునేది తలుపు పక్కనే.

పొడిచీరలో ఉన్న
నీ ఫేబీ

*

చిల్లకూరు,
ఈస్టరు ముందు

ప్రభువునందు ప్రియమైన ఫేబీకి,

నా గొంతుకేమీ కాలేదే. మా రూఫస్ పుట్టినప్పుడు మొదలైంది ఇది. మా అమ్మకు కూడా చెప్పుకోలా. దేవుడే నా పాట వద్దన్నాడనుకుని తలుపు పక్కకు జరిగినాను. నీకు మంచి చెబుతున్నాననుకుని అదే కుర్చీ నీకూ వేసినాను.

నీ ఉత్తరం అందిన వారమే బస్సెక్కి ఆ ఫ్లోరా దగ్గరికి పోయినాను. "ఈ వయసులోనా?" అంటే, "కండరానికి మీ వయసుతో పనేందాంటీ, పని చెప్పండి చేస్తాది" అంది. ఇంకా పూర్తిగా తగ్గలా. తగ్గిందాకా ఆగను. ప్యాడ్ పెట్టుకునైనా పాడతా. ఈస్టరుకు మీ ఊరొస్తున్నా, నాకో తెల్లచీర తీసిపెట్టు.

పోయిన ఆదివారం మా పాస్టరుగారు తలుపు పక్క ఖాళీ కుర్చీ చూసి, "లిల్లీ గారు రాలేదా? ఒంట్లో బాగలేదా?" అని అడిగినారు. అందరూ వెనక్కి తిరిగి చూసినారు.

"ఇక్కడున్నానండీ" అన్నాను, పాటల వరసలోంచి.

పాడుతున్న
మీ పిన్నమ్మ